కొత్త కత్తికి సాన పట్టడం

కొత్త కత్తికి సాన పట్టడం అనగా అంగడిలో కొన్న మొద్దు కత్తికి లేదా కత్తిపీటకు, వాడుకలో పెట్టేముందు, సానరాతితో ఇంట్లోనే పదును తెచ్చి, అలుగును, పిడిని శుభ్రపరచుకోవడం. కమ్మరి కొలిమిలో తయారైన ఇనుప కత్తి అయినా, కర్మాగారంలో తయారైన స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి అయినా కొన్ననాడే బాగా తెగడం అరుదు. అటువంటి కత్తిని నాసిరకమని మూల పడవేయడం, లేదా మోటారు సానకు ఇచ్చి అలుగును పాడుచేసుకోవడం సాధారణంగా జరుగుతూ ఉంటుంది. నిజానికి కొత్త కత్తి మొద్దుగా ఉండడానికి చాలా సందర్భాలలో కారణం ఉక్కు నాణ్యత కాదు, దానికి వాదర ఇంకా ఏర్పడకపోవడమే. వాదరను ఏర్పరచడానికి ఒక రాయి, నీళ్లు, గంటసేపు ఓపిక చాలును.

ఈ పని ఎక్కడైనా ఒకటే అయినప్పటికీ దొరికే రాయి, వాడే కత్తి, కోసే వస్తువు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ఈ వ్యాసంలోని ఉదాహరణలు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పరిసరాలకు సంబంధించినవి. ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

పేర్లు

"సాన" అనే మాట సంస్కృతంలోని "శాణము" నుండి వచ్చింది. గంధపు చెక్కను అరగదీసే రాతిని కూడా సాన అనే అంటారు. వజ్రాలకు, రత్నాలకు మెరుగు పెట్టడం కూడా సాన పట్టడమే. కత్తిలో కోసే అంచును వాదర అని, దానికి ఎదురుగా ఉండే మందమైన అంచును వెన్ను అని, ఈ రెంటి నడుమ ఉన్న రేకును అలుగు అని, పట్టుకునే భాగాన్ని పిడి అని అంటారు. వాదర మొద్దుబారడాన్ని మొక్కవోవడం అంటారు. ధైర్యానికి, పట్టుదలకు ముందు చేర్చే "మొక్కవోని" అనే విశేషణం ఇక్కడినుండి వచ్చినదే, పదును తగ్గనిది అని దాని అర్థం. ఆకురాయి పేరులో రాయి ఉన్నా అది రాయి కాదు, గాట్లు పెట్టిన ఉక్కు పనిముట్టు. ఆకురాయితో కత్తిని అరగదీయవచ్చును గాని దానితో సన్నని వాదర రాదు.

కృష్ణా జిల్లా మెట్టలో కత్తి వాడుక

పూర్వపు కృష్ణా జిల్లాను డెల్టా, మెట్ట అని రెండు భాగాలుగా చెప్పుకుంటారు. ప్రకాశం బ్యారేజీ కాలువల కింద ఉన్నది డెల్టా. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు, మైలవరం వైపు ఉన్నది మెట్ట. మునేరు, పాలేరు ఈ మెట్ట భూముల గుండా వచ్చి కృష్ణా నదిలో కలుస్తాయి. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందే చోట్ల వరి కూడా పండుతుంది. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కత్తితో పనిలేదు, అవి వేళ్లతో చేసే పనులు. కత్తి, కొడవలి కావలసింది వరి, జొన్న కోతలకు, పశువుల మేతకు, కంప కొట్టడానికి, అన్నిటికంటే ఎక్కువగా వంటింటికి.

హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి నందిగామ, జగ్గయ్యపేట మీదుగా పోతుంది. (దీనికి పూర్వం 9వ నంబరు ఉండేది, జాతీయ రహదారుల నంబర్లు మారిన తరువాత 65వ నంబరు వచ్చింది.) లారీల రాకపోకలకు, కత్తులకు ఒక సంబంధం ఉంది. లారీల కింద ఉండే కమాను కట్టలు అరిగి విరిగిన తరువాత పాత ఇనుము వ్యాపారుల ద్వారా కమ్మరుల కొలిమికి చేరుతాయి. తెలుగునాట చాలాచోట్ల కత్తులకు, గొడ్డళ్లకు కమ్మరులు వాడే ఉక్కు ఇదే. కమాను ఉక్కులో సుమారుగా వెయ్యింటికి 5 నుండి 6 వంతుల కర్బనం ఉంటుంది. కాల్చి ముంచితే గట్టిపడటానికి ఇది సరిపోతుంది. కనుక ఊరి కమ్మరి చేసిన కత్తి చూపులకు మోటుగా ఉన్నా, దాని ఉక్కు చవక స్టెయిన్‌లెస్ కత్తి ఉక్కు కన్న చాలా సందర్భాలలో మేలైనది.

కొత్త కత్తికి పదును ఎందుకు ఉండదు

ఇందుకు మూడు కారణాలు చెప్పవచ్చును. మొదటిది, అంచు మందం. కమ్మరి అలుగును సుత్తితో సాగగొట్టి, కాల్చి ముంచి, పైపైన ఆకురాయి పట్టి అమ్ముతాడు. అప్పటికి అంచు పలుచబడుతుంది గాని రెండు వాలులు ఒక గీత వద్ద కలవవు. సంతలో కట్టలుగా కట్టి అమ్మే కత్తులకు నిండు పదును పెడితే ఒకదానికొకటి తగిలి పెచ్చులు ఊడుతాయి, మోసేవారి చేతులు తెగుతాయి. అందువల్ల కూడా అంచును కొంత మొద్దుగానే వదిలివేస్తారు.

రెండవ కారణం చాలామందికి తెలియనిది. ఉక్కును కొలిమిలో ఎర్రగా కాల్చినప్పుడల్లా దాని పైపొరలోని కర్బనం కొంత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పోతుంది. కర్బనం పోయిన పొర మెత్తనిది. కొత్త కత్తికి మొదట పట్టిన పదును రెండు రోజులకే పోతే, తప్పు కమ్మరిది కాకపోవచ్చును. పైనున్న మెత్తని పొర అరిగి లోపలి ఉక్కు వాదరకు వచ్చేవరకు, అంటే రెండు మూడు సార్లు సాన పట్టేవరకు, ఆ కత్తి అసలు గుణం బయటపడదు. కొత్త కత్తిని మొదటి వారంలోనే తీసిపారవేయరాదని అనడానికి ఇదే కారణం.

మూడవది కర్మాగారపు కత్తులకు సంబంధించినది. వీటికి వేగంగా తిరిగే గరుకు పట్టీల మీద కొద్ది క్షణాలలో అంచు తీస్తారు. అంచున సన్నని లోహపు పొర ఒక పక్కకు ఒరిగి మిగిలిపోతుంది. కొన్నరోజున టమాటా చక్కగా తెగి, వారం తిరిగేసరికి తొక్క కూడా తెగకపోవడానికి కారణం ఈ పొర మడతపడటమే.

సానరాళ్లు

ఉక్కును అరగదీయాలంటే రాయి ఉక్కుకంటే గట్టిదై ఉండాలి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు ఉన్న మోస్ కొలమానంలో చెబుతారు. గట్టిపరచిన ఉక్కు స్థానం సుమారు 6.5. ఇసుకలో ఉండే పలుగురాయి (స్ఫటికం) స్థానం 7, కురువిందం 9, వజ్రం 10. సున్నపురాయిలో ఉండే కాల్సైటు స్థానం 3 మాత్రమే.

జగ్గయ్యపేట ప్రాంతంలో ఈ అంకెలకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. ఇక్కడ నేలలో ఉన్నది ఎక్కువగా సున్నపురాయి. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలకు ఆధారం ఈ రాయే. ఇంటి ముందున్న నాపబండ మీద, గడప పక్కన రాతి మీద కత్తిని నాలుగు సార్లు రాయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. సున్నపు నాపరాయి మీద రాస్తే ఉక్కు అరగదు, రాయే అరుగుతుంది. రాతిలో అక్కడక్కడ ఉండే పలుగు రేణువులు అంచును కొద్దిగా గీరుతాయి గనుక కాసేపు తెగినట్లు అనిపిస్తుంది, అంతే. ఈ రాయి మెత్తనిది కావడం వల్లనే అది శిల్పులకు అనువైనది అయింది. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపపు ఫలకాలు సున్నపురాతివే. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించిన ఈ స్తూపం వద్ద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. ఆయక స్తంభాలను దానం చేసిన సిద్ధార్థుడు స్వయంగా పనివాడేనని ఆ శాసనం వల్ల తెలుస్తున్నది. ఉలికి లొంగే రాయి కత్తికి సాన కాజాలదు.

రోలు, పొత్రము వంటివి చేసే నల్లరాయి, గ్రానైటు కొంత మేలు. కాని వాటి రేణువులు ఒకే పరిమాణంలో ఉండవు గనుక అంచు రంపపు పళ్లవలె చీలుతుంది. ఇసుకరాయి వీటికంటే నయం. పూర్వం నున్నని చెక్కపలక మీద సన్నని ఇసుకను గాని ఇటుక పొడిని గాని చల్లి కత్తిని రాసేవారు. కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రాలుగా పోసి సాన పట్టడం భారతదేశంలో చాలా కాలం నుండి ఉన్న పద్ధతి. జగ్గయ్యపేటకు ఉత్తరాన ఉన్న ఖమ్మం జిల్లాలో కురువిందం దొరుకుతుంది.

ప్రస్తుతం ఇనుప సామాను దుకాణాలలో దొరికేది ఎక్కువగా కార్బొరండం రాయి. ఇది సిలికాన్ కార్బైడుతో చేసిన కృత్రిమ రాయి. దీనిని అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ అచెసన్ 1891లో కనుగొన్నాడు. దీని గట్టిదనం 9కి పైన ఉంటుంది. ఒక పక్క గరుకుగా, మరొక పక్క నున్నగా ఉండే రెండు పొరల రాయి ఇంటికి సరిపోతుంది. రాతి మీద ఉండే నంబరు రేణువు పరిమాణాన్ని తెలుపుతుంది. నంబరు పెరిగినకొద్దీ రాయి నున్నన. 120 నంబరు రాయి లోహాన్ని త్వరగా తీస్తుంది, 240 నుండి 400 వరకు ఉన్నవి వంటింటి కత్తికి చాలు, 1000 నంబరు రాయి ఉంటే మంచిదే గాని తప్పనిసరి కాదు. వజ్రపు రేణువులు అతికించిన పలకలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో వాడేది కృత్రిమ వజ్రమే. నందిగామకు దగ్గరలో ఉన్న పరిటాల ఒకప్పుడు వజ్రాల గనులకు ప్రసిద్ధి చెందిన ఊరు అయినా ఆ గనులకు, ఈ పలకలకు సంబంధం లేదు.

గంధపు సానను కత్తికి వాడరాదు. అది దేవుని పనికి ఉంచినదనే కాక, దాని నడుమ అరిగి పల్లం పడి ఉంటుంది. పల్లం పడిన ఏ రాతి మీదా వాదర తిన్నగా రాదు.

సాన పట్టే విధానం

రాయిని పది నిమిషాలపాటు నీళ్లలో నానబెట్టాలి. బుడగలు రావడం ఆగితే నానినట్లు. కొందరు నీళ్లకు బదులు కిరోసిను గాని నూనె గాని వాడతారు. ఏది వాడినా ఆ రాతికి ఎప్పుడూ అదే వాడాలి, ఒకసారి నూనె పీల్చిన రాయి తరువాత నీళ్లను పట్టుకోదు. రాయి కదలకుండా కింద తడిగుడ్డ మడిచి వేయాలి. మొదట గరుకు పక్కను పైకి ఉంచాలి.

తరువాతది కోణం. కూరగాయల కత్తికి వాలు ఒక్కొక్క పక్కన 15 నుండి 20 డిగ్రీలు ఉండాలి. ఎముకలు, కొబ్బరికాయ వంటివి కొట్టే బరువు కత్తికి 25 నుండి 30 డిగ్రీలు కావాలి. అంతకంటే సన్నగా తీస్తే పెచ్చు ఊడుతుంది. కోణం కొలవడానికి పనిముట్టు అక్కరలేదు. చదరపు కాగితపు మూలను ఒకసారి మడిస్తే 45 డిగ్రీలు, మరొకసారి మడిస్తే ఇరవై రెండున్నర డిగ్రీలు వస్తాయి. ఆ మడతను రాతి పక్కన నిలబెట్టి కత్తిని దానికంటే కొంచెం వాల్చితే సరిపోతుంది. మరొక పద్ధతి వెన్ను ఎత్తును చూడడం. అలుగు వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంటే, వెన్ను రాతికి సుమారు 10 మి.మీ. ఎత్తున ఉన్నప్పుడు కోణం 15 డిగ్రీలు, 14 మి.మీ. ఎత్తున ఉన్నప్పుడు 20 డిగ్రీలు. ఎన్ని డిగ్రీలన్న దానికంటే మొదటినుండి చివరివరకు అదే కోణం నిలబెట్టడం ముఖ్యం. చేయి ఊగితే వాదర గుండ్రబడుతుంది, ఎంతసేపు రాసినా పదును రాదు. కోణం సరిగా ఉన్నదో లేదో తెలియాలంటే వాలు మీద స్కెచ్ పెన్ను సిరా పూసి నాలుగు సార్లు రాయాలి. అంచు వరకు సిరా పోతే కోణం సరి. పైభాగంలో మాత్రమే పోతే వెన్నును ఎత్తాలి, అంచు వద్ద మాత్రమే పోతే దించాలి.

పిడిని కుడిచేత్తో పట్టుకొని, ఎడమచేతి రెండు మూడు వేళ్లను అలుగు మీద వాదరకు కొంచెం పైన ఆనించి, పిడి దగ్గర మొదలుపెట్టి కొస వరకు, రాతి పొడవునా ఒకే పక్కన రాయాలి. రాతి మీద బూడిదరంగు బురద చేరుతుంది. దానిని వెంటనే కడిగివేయరాదు, అరగదీసే రేణువులు అందులోనే ఉంటాయి. ఆరితే నీళ్లు చిలకరించాలి.

ఒక పక్కన ఎన్నిసార్లు రాయాలి అన్న ప్రశ్నకు అంకె జవాబు కాదు. ఇంట్లో పట్టిన సాన నిలవకపోవడానికి ముఖ్యకారణం ఈ అంకెల లెక్కే. ఇటు ఇరవై, అటు ఇరవై అని రాసి ఆపేస్తే, మందమైన కొత్త అంచుకు రెండు వాలులు ఇంకా కలిసి ఉండవు. అవి కలిశాయనడానికి గుర్తు ఒకటే. ఒక పక్కన రాస్తూ ఉంటే కొంతసేపటికి రెండవ పక్కన, అంచు పొడవునా, వేలి కొసకు గరుకుగా తగిలే సన్నని లోహపు పొర లేస్తుంది. లోహపు పనివారు దీనిని బర్ అంటారు. బొటనవేలిని వెన్ను వైపు నుండి అంచు వైపుకు, అలుగుకు అడ్డంగా మెల్లగా జార్చితే అది తెలుస్తుంది. వేలిని ఎన్నడూ అంచు పొడవున జార్చరాదు. బర్ పిడి నుండి కొస వరకు ఎక్కడా తెంపు లేకుండా లేచిన తరువాతనే కత్తిని తిప్పాలి. సగం దూరమే లేస్తే మిగిలిన సగం ఇంకా మొద్దుగానే ఉన్నదని తెలుసుకోవాలి. సాధారణంగా పిడి దగ్గర, కొస దగ్గర ఆలస్యంగా లేస్తుంది. మందంగా ఉన్న కొత్త కత్తికి మొదటి పక్కన దీనికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. రెండవ పక్కన అంత సేపు పట్టదు.

రెండు పక్కలా బర్ లేచాక రాతిని తిప్పి నున్నని పక్కన అదే పని చేయాలి. ఇక్కడ బలం తగ్గించాలి. చివరకు కత్తి బరువు తప్ప చేతి బరువు వేయకుండా, ఇటు ఒకసారి అటు ఒకసారి మార్చి మార్చి పది పదిహేను సార్లు రాస్తే బర్ చాలావరకు రాలిపోతుంది. మిగిలినదానిని పాత తోలు బెల్టు గరుకు పక్కన గాని, అట్టముక్క మీద గాని వెన్ను ముందుగా, వాదర వెనకగా లాగి తీసివేయాలి. మంగలి కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ తిప్పడంలో ఉద్దేశం ఇదే. ఈ చివరి పని చేయకపోతే కత్తి ఆ రోజు బాగానే తెగి, మరునాటికి మొద్దు అవుతుంది.

పదునును పరీక్షించడానికి వార్తాపత్రిక కాగితాన్ని ఒక చేత్తో వేలాడదీసి కోయవచ్చును. చిరుగుతూ తెగిన చోట అంచు ఇంకా సరిగా లేదు. దీపం వెలుగులో వాదరను తనవైపుకు తిప్పి చూడడం ఇంకా సులభం. మొద్దు అంచు వెలుగును ప్రతిఫలించి తెల్లని గీతవలె కనిపిస్తుంది, పదునైన అంచు కంటికి కనపడదు.

కత్తిపీట, మామిడికాయల కత్తి

కత్తిపీట అలుగు చెక్కకు బిగించి ఉంటుంది గనుక దానిని రాతి మీద రాయడం కుదరదు, రాతినే అలుగు మీద నడపాలి. కోసేటప్పుడు కూర్చునే విధంగా వాదరకు ఎదురుగా కూర్చుని సాన పట్టరాదు. పీటను గోడకు ఆనించి, కాలితో తొక్కిపట్టి, వెన్ను వైపు నుండి పని చేయాలి. చేతిలో ఇమిడే చిన్న రాయి మేలు. వంపు ఉన్న అలుగుకు వెడల్పు రాయి అన్నిచోట్లా ఆనదు. అడుగు నుండి కొస వైపుకు, ఒకే వాలులో, పై వివరించినట్లే బర్ లేచే వరకు రాయాలి. కొసన ఉండే కొబ్బరి కోరు పళ్లకు రాయి తగలనీయరాదు.

ఈ ప్రాంతంలో కత్తికి అసలు పరీక్ష ఎండాకాలంలో వస్తుంది. ఆవకాయకు మామిడికాయను టెంకతో సహా ముక్కలు కొడతారు. టెంక ముదిరి ఉండాలి, ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి. ఒక కొసన కీలుతో చెక్కకు బిగించిన బరువైన కత్తితో ఈ పని చేస్తారు. అంచు మొద్దుగా ఉంటే టెంక తెగదు, పగులుతుంది. పగిలిన టెంక నుండి కండ ఊడి ముక్క నలుగుతుంది, రసం కారుతుంది. నలిగిన ముక్క ఊటలో త్వరగా మెత్తబడుతుంది. ఏడాది నిలవ ఉండవలసిన పచ్చడి ముక్క గట్టిదనం కోల్పోవడానికి కాయను, ఉప్పును నిందిస్తారు గాని కత్తిని ఎవరూ తలచుకోరు. ఈ కత్తికి సన్నని వాదర పనికిరాదు. ఒక్కొక్క పక్కన 25 నుండి 30 డిగ్రీల వాలు ఉంచాలి. సాన పట్టిన వెంటనే కాయలు కొట్టరాదు. రాతి రేణువులు పోయేటట్లు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి తగిలిన ముక్కకు బూజు పడుతుందని ఆవకాయ పెట్టే ఇళ్లలో అందరికీ తెలిసినదే.

మోటారు సాన

ఊళ్లలో సైకిలు మీద తిరిగి కత్తులకు, కత్తెరలకు సాన పట్టేవారు ఉన్నారు. వెనుక చక్రాన్ని స్టాండు మీద ఎత్తి పెడలు తొక్కితే పట్టీ ద్వారా చిన్న సాన చక్రం తిరుగుతుంది. కాలితో తొక్కే చక్రం వేగం తక్కువ. ఇబ్బంది కరెంటు మోటారు చక్రంతోనే. నీళ్లు లేకుండా అతివేగంగా తిరిగే చక్రానికి అలుగు ఆనినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి, పలుచని అంచు క్షణంలో వేడెక్కుతుంది. ఉక్కు సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లేత గడ్డి రంగుకు, 260 వద్ద గోధుమ రంగుకు, 300 దరిదాపుల నీలం రంగుకు తిరుగుతుంది. అంచున నీలిరంగు మరక కనిపిస్తే కమ్మరి పెట్టిన గట్టిదనం అక్కడ పోయినట్లే. ఆ భాగం తరువాత ఎన్నిసార్లు సాన పట్టినా నిలవదు. మరకపడిన మేర చల్లగా, నీటి రాతి మీద అరగదీసి తీసివేయడమొకటే మార్గం. నిప్పురవ్వలు ఎంత ఎక్కువ లేస్తే అంత బాగా సాన పట్టినట్లు అనుకోవడం పొరపాటు. మోటారు సానకు ఇవ్వవలసి వస్తే, రెండు మూడు క్షణాలకొకసారి నీళ్లలో ముంచమని అడగాలి.

పొడి సానలో మరొక ప్రమాదం ధూళి. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఇసుకరాతి చక్రాల మీద కత్తులు సాన పట్టిన కార్మికులు 19వ శతాబ్దంలో ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయేవారు. పలుగురాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధి అది. ఇంట్లో రాతిని తడిగా ఉంచడం కత్తికే కాక మనిషికి కూడా మంచిది.

మెరుగు పెట్టడం, పిడి

కొలిమి నుండి వచ్చిన అలుగు మీద నల్లని పెళుసు పొర, దాని మీద నూనె గాని రంగు గాని ఉంటాయి. ఆ రంగు కూరలోకి రాకుండా మొదట తీసివేయాలి. సబ్బు, వేడినీళ్లతో కడిగి, చెక్కముక్కకు చుట్టిన గరుకు కాగితంతో అలుగు పొడవునా ఒకే దిశలో రుద్దాలి. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600 వరకు పోవచ్చును. అడ్డదిడ్డంగా రుద్దితే పడిన గీతలలో తడి నిలిచి తుప్పు మొదలవుతుంది. సాన పట్టకముందే ఈ పని ముగించుకోవడం మేలు, పదునైన అలుగును రుద్దడం ప్రమాదకరం. తుప్పు మరకలకు చింతపండు, బూడిద చాలు. కొంతకాలం వాడిన ఇనుప కత్తి మీద ఉల్లి, మామిడి, అరటి తగిలి ఏర్పడే నీలినలుపు ఛాయ తుప్పు కాదు, దానిని తోమి తీయనక్కరలేదు. అది కొంతవరకు తుప్పును అడ్డుకుంటుంది. వాడిన ప్రతిసారీ తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి పెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తికి తుప్పు సులభంగా పట్టదు గాని ఉప్పు, పచ్చడి అంటి ఉండిపోతే దానికీ సూదిమొనంత గుంటలు పడతాయి.

నాటు కత్తుల పిడిని చాలావరకు లక్కతో బిగిస్తారు. వేడినీళ్లలో లక్క మెత్తబడి పిడి ఊడుతుంది. కనుక కడిగేటప్పుడు వేడినీళ్లను అలుగు వరకే ఉంచాలి. గరుకుగా ఉన్న చెక్క పిడిని 120, తరువాత 220 నంబరు కాగితంతో రుద్ది అవిసె నూనె పలుచగా రెండు మూడు పూతలు వేయాలి, ఒక పూత ఆరిన తరువాత మరొకటి. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. నువ్వుల నూనె, ఆముదం అలా ఆరవు, జిడ్డుగా మిగిలి చేతినుండి జారుతాయి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేస్తే తమంత తాము వేడెక్కి అంటుకోగలవు. వాటిని విప్పి ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

ఇంట్లో చేయరాని పనులు

మొద్దు కత్తికి ఎక్కువ బలం వేయవలసి వస్తుంది, జారినప్పుడు ఆ బలమంతా చేతి మీద పడుతుంది. సాన పట్టిన కత్తి సంగతి కూడా ఇంట్లో అందరికీ చెప్పాలి. మొద్దు కత్తికి అలవాటుపడిన చేయి మొదటి రోజునే తెగుతుంది. కత్తిపీటను వాడిన తరువాత పక్కకు వాల్చి పెట్టే పాత అలవాటు విడువరానిది.

పెచ్చు లోతుగా ఊడిన అలుగును, వంగిన అలుగును, నీలి మరక వెడల్పుగా పడిన అలుగును రాతితో బాగుచేయడం కష్టం. వాటిని కమ్మరి మళ్లీ కాల్చి సాగగొట్టాలి. కక్కు కొట్టిన కొడవలిని, అనగా పళ్లు ఉన్న కొడవలిని, సానరాతి మీద రాయరాదు, పళ్లు అరిగిపోతాయి. దానికి కమ్మరి చేత ఉలితో మళ్లీ కక్కు కొట్టించాలి. నున్నని అంచు ఉన్న కొడవలికి మాత్రం చిన్న రాతితో, కత్తిపీటకు చెప్పిన విధంగానే, లోపలి వంపు వెంబడి సాన పట్టవచ్చును.